మత్తడి ఎక్కడో నీరటి ఇంట్లో అడగండి

సంపాదకులకు,

మా కాలనీ వెనకున్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు గుర్తిస్తున్నారని విని, మొన్న బోనాల ఆదివారం కట్ట మైసమ్మ గుడి దగ్గర కూర్చున్న ఒక పెద్దాయనను పలకరించాను. వాళ్ల నాన్న ఆ చెరువుకు నీరటి, అంటే తూము తీసి పొలాలకు నీళ్లు వదిలే మనిషి. "తాతా, మత్తడి ఎక్కడుండేది?" అని, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు గురించి అడిగితే లేచి, నన్ను వెంటబెట్టుకుని ఒక ఫంక్షన్ హాల్ పార్కింగ్ దాకా తీసుకెళ్లాడు. "గిదే సార్. గిక్కడికెల్లే నీళ్లు దుంకేటివి" అని సిమెంటు నేలను కాలితో తట్టాడు. వాన పడిన ప్రతిసారీ మా గల్లీలో మోకాలి లోతు నీళ్లు ఎందుకు నిలుస్తాయో అప్పుడర్థమైంది. నా ఫోన్‌లో ఉన్న నక్షాలో ఆ చోట ఏమీ లేదు, తెల్లగా ఉంది.

చట్టానికి చెరువంటే ఒక గీత. నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అది ఎఫ్‌టీఎల్. 10 హెక్టార్లు, ఆపైన ఉంటే దాని అవతల 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా. ఆ గీత కావాలి, కాదనను. కానీ ఆ పెద్దాయనకు చెరువంటే కట్ట, తూము, మత్తడి, శిఖం (నీళ్లు నిలిచే భూమి), పైనుంచి దిగే వాగు, నీళ్లు పోయి చేరే కింది చెరువు, అన్నీ కలిపి. నాలాలకూ బఫర్ ఉందంటారు. నక్షాలోనే లేని కాలువకు బఫర్ ఎక్కణ్నుంచి కొలుస్తారు?

న్యూజిలాండ్‌లో వాంగనూయి నదిని మావోరీలు తమ పూర్వీకుల్లో ఒకరిగా చూస్తారు. 2017లో అక్కడి పార్లమెంటు ఆ నదికి వ్యక్తి హోదా ఇస్తూ, దాని తరఫున మాట్లాడే ఇద్దరిలో ఒకరిని ప్రభుత్వం, ఒకరిని ఆ నది ఒడ్డు తెగలవాళ్లు ఎంపిక చేసేలా చట్టం చేసింది. అదే ఏడాది మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు కూడా గంగ, యమునలను వ్యక్తులుగా ప్రకటించింది. సంరక్షకులుగా పెట్టింది మాత్రం ప్రభుత్వ అధికారులను. రేపు వరదొస్తే నష్టపరిహారం ఎవరు కట్టాలని రాష్ట్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు వెళ్లింది, జులైలో స్టే వచ్చింది. గంగను తల్లి అనే దేశంలో ఆ తల్లి తరఫున మాట్లాడటానికి ఒడ్డున బతికేవాళ్లు గుర్తుకు రాలేదు!

మనకు చేతకాదని కాదు. 2013లో ఒడిశాలోని నియమగిరి బాక్సైట్ గని కేసులో, ఆ కొండకూ అక్కడి గిరిజనులైన డోంగ్రియా కోందులకూ ఉన్న బంధమేమిటో వాళ్ల గ్రామసభల్లోనే తేల్చమని సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్లలో సభలు పెడితే 12 ఊళ్లూ గని వద్దన్నాయి.

అలాగని భక్తి ఉంటే చెరువు బతుకుతుందని నేననడం లేదు. మా మైసమ్మ గుడికి గ్రానైట్ వేశారు, ఆర్చి కట్టారు, ఆ ఆర్చి కాస్తా శిఖంలోకే జరిగింది. తల్లికి చీర పెట్టి ఆమె చెరువులో మట్టి పోయడం మనకే చెల్లింది. కాబట్టి నేను అడిగేది పూజ గురించి కాదు, తెలివిడి గురించి. మత్తడి దుంకితే మొక్కు చెల్లించిన ఊరికి మత్తడి ఎక్కడుందో కచ్చితంగా తెలిసి ఉండేది.

ఇప్పుడు చెరువుల హద్దులపై ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు అడుగుతున్నారు. ప్లాటు ఉన్నవాళ్లు దస్తావేజులతో, వకీళ్లతో వెళ్తారు. చేపలు పట్టేవాళ్లకు, చాకిరేవు వాళ్లకు, నీరటి కుటుంబాలకు ఆ నోటీసు వచ్చిందనే తెలియదు. తుది నోటిఫికేషన్‌కు ముందు ప్రతి చెరువు కట్ట మీద ఒక సభ పెట్టి, వీళ్లు చూపించిన మత్తడి, తూము, వాగు నక్షాలోకి ఎక్కించాలి.

మా చెరువుకు తుది నోటిఫికేషన్ ఇంకా రాలేదు. సర్వే వాళ్లు ఒక్క పూట ఆ పెద్దాయన వెంట నడిస్తే చాలు. పొద్దున ఆరింటికల్లా గుడి అరుగు మీదే ఉంటాడు.

— ఒక పాఠకుడు, హైదరాబాద్