ఎండితే చాలదు, ముందు ఉడకాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

పెంపుడు కుక్కలకు దుకాణంలో దొరికే ఎండు మాంసం ముక్కలకు బదులు ఇంట్లోనే చేసి పెట్టే అలవాటు మా కాకినాడలో చాలా ఇళ్లలో కనిపిస్తోంది. కొందరు మహిళలు చేసి అమ్ముతున్నారు కూడా. ఈ అలవాటును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే ఇందులో ఒక్క పని వదిలేస్తే ఎంత ముప్పు వస్తుందో స్వయంగా అనుభవించాను కనుక ఈ లేఖ రాస్తున్నాను.

మొన్న వేసవిలో కోడి రొమ్ముమాంసాన్ని సన్నగా కోసి, వడియాలు పెట్టుకునే పాత చీర మీద పరిచి, పైన పల్చని గుడ్డ కప్పి రెండు రోజులు డాబా మీద ఎండబెట్టాను. ముక్కలు చెక్కల్లా గట్టిపడ్డాయి, నీచు వాసన కూడా పోయింది. వాటిని తిన్న మర్నాటి నుంచి మా కుక్క చిట్టికి వాంతులు, నెత్తుటి విరేచనాలు మొదలయ్యాయి. మూడు రోజులు సెలైన్ ఎక్కించిన తరువాత గానీ అది లేచి గిన్నె దగ్గరకు రాలేదు. పశువైద్యురాలు నన్ను అడిగిన మొదటి మాట, "ఎండబెట్టే ముందు ఉడికించారా?" అని. ఆ ఆలోచనే నాకు రాలేదు.

ఎండబెట్టడం అంటే మనకు మామిడి ఒరుగులు, ఊరమిరపకాయలు గుర్తుకు వస్తాయి. మాంసాన్నీ, చేపనూ ఎండబెట్టడం కూడా మనకు కొత్త కాదు. కానీ ఎండు చేపలకు, తెలంగాణ ఇళ్లలో చేసే ఒట్టి తునకలకు ముందు ఉప్పు పట్టిస్తారు, తినబోయే ముందు వాటిని కూరగా ఉడికిస్తారు. కుక్క కోసం చేసే ముక్కలకు ఉప్పు వేయకూడదు, వాటిని మళ్లీ ఎవరూ ఉడికించరు. అంటే మన పెద్దలు పెట్టుకున్న రెండు రక్షణలూ లేకుండా పచ్చి మాంసాన్ని ఎండలో పరుస్తున్నామన్న మాట. సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి సూక్ష్మజీవులు పెరగడానికి అనువైనది కాబట్టి, మన మే నెల ఎండ ఎంత మండినా పచ్చి మాంసంలోని సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవిని చంపదు.

వేడి గాలితో ఎండబెట్టే యంత్రం, అంటే డీహైడ్రేటర్ కొనుక్కున్నవారు తమకు ఈ బెడద లేదనుకుంటారు. అది కూడా పొరపాటే. ముక్కలోని నీరు ఆవిరవుతున్నంతసేపూ ఆ ఆవిరి వేడిని లాక్కుపోతుంది కనుక, యంత్రంలో 60 డిగ్రీలు పెట్టినా మాంసం లోపల అంత వేడి ఉండదు. ఈలోగా పైతడి ఆరిన కొద్దీ సూక్ష్మజీవులు వేడిని తట్టుకునే శక్తి పెంచుకుంటాయి. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ కోడి మాంసం లోపలి వేడి 74 డిగ్రీలకు, ఇతర మాంసాలది 71 డిగ్రీలకు చేరేలా ముందే ఉడికించి, ఆ తరువాతే ఎండబెట్టమని చెబుతోంది. ఇప్పుడు నేను కొవ్వూ, చర్మమూ తీసేసిన మాంసాన్ని ఉప్పు లేని నీటిలో ఉడికించి, వంట థర్మామీటరును ముక్క మధ్యలో గుచ్చి చూసిన తరువాతే సన్నగా కోసి యంత్రంలో పెడుతున్నాను. కొవ్వు ఎండదు, త్వరగా ముక్కిపోతుంది.

ముక్క ఎండిందని చేతికి అనిపిస్తే సరిపోదు. చల్లారిన ముక్కలను గాజు సీసాలో పోసి మూత బిగించి ఒక రాత్రి ఉంచితే, లోపల తడి మిగిలి ఉన్నప్పుడు తెల్లారేసరికి గాజుకు సన్నని చెమట పడుతుంది. అలా పడితే మళ్లీ ఎండబెట్టాలి. మాది సముద్రపు గాలి ఊరు, వానాకాలంలో డబ్బా నాలుగుసార్లు తెరిస్తే ముక్క మెత్తబడుతుంది. అందుకే వారానికి సరిపడా ముక్కలను ఫ్రిజ్‌లో, మిగిలినవి ఫ్రీజర్‌లో ఉంచుతున్నాను. బూజు చుక్క కనిపిస్తే ఆ డబ్బా మొత్తం పారేయాలి. కొన్ని రకాల బూజు వదిలే విషం కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది, బూజు గీకేసినంత మాత్రాన ఆ విషం పోదు.

రుచి కోసం అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించడం మన చేతికి అలవాటు. దయచేసి కుక్కల ముక్కలకు అది వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను చిదిమేస్తాయి. దానివల్ల వచ్చే నీరసం కొన్ని రోజుల తరువాత బయటపడుతుంది కాబట్టి ఫలానా ముక్క వల్లనేనని మనకు తట్టదు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేస్తాయి. చింతపండు తిన్న కుక్కలకూ అదే జరిగిందని పశువైద్యులు నమోదు చేశారు కనుక పులుపు తగలనివ్వకూడదు.

కొలత విషయంలో కూడా మోసపోతాం. కోడి మాంసంలో దాదాపు మూడు వంతులు నీరే కాబట్టి కిలో మాంసం ఎండితే పావు కిలోకు కాస్త అటూ ఇటూ అవుతుంది. అరచేతిలో చిన్నగా కనిపించే గుప్పెడు ముక్కలు నిజానికి పెద్ద గిన్నెడు మాంసం. రోజు మొత్తం ఆహారపు కేలరీలలో ఇలాంటి చిరుతిండి పదో వంతుకు మించకూడదన్నది పశువైద్యులు చెప్పే లెక్క. కార్జం ముక్కలైతే మరీ తక్కువ పెట్టాలి, అందులోని విటమిన్ ఎ ఒంట్లో పేరుకుపోతుంది. ఇంత జాగ్రత్త కష్టమనుకునేవారు చిలగడదుంపను ఆవిరి పట్టించి, బిళ్లలుగా కోసి ఎండబెట్టడం మేలు. మా చిట్టి ఇప్పుడు వాటినే ఎక్కువ ఇష్టపడుతోంది.

కొన్న ముక్కల మీద భయం కూడా అకారణం కాదు. 2007 నుంచి అమెరికాలో వేల కుక్కలు ఎండు మాంసం ముక్కలు తిన్న తరువాత జబ్బుపడ్డాయి, వెయ్యికి పైగా చనిపోయాయని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు ఫిర్యాదులు అందాయి. ఏళ్ల తరబడి పరిశోధించినా అసలు కారణం తేలలేదు. అందువల్లనే ఇంట్లో చేసుకునేవారికి సరైన పద్ధతి అందాలని నా ఆరాటం.

ఇంట్లో చేసి అమ్మేవారు ప్రతి పొట్లం మీద మాంసాన్ని ముందు ఉడికించారో లేదో, ఏ తేదీన చేశారో, ఏమేమి కలిపారో తెలుగులో రాయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పైన చెప్పిన జాగ్రత్తలను ప్రభుత్వ పశువైద్యశాలల గోడల మీద కూడా రాయించాలని పశుసంవర్ధక శాఖకు నా విన్నపం.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కాకినాడ