కారు మాత్రం తియ్యకు

చిన్నీ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు కాస్త నయం, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తోంది. చందనోత్సవానికి సింహాచలం టికెట్ల సంగతి సూరిబాబు చూస్తానన్నాడు. నువ్వు కారులో మాత్రం రావద్దు, గోదావరికి రిజర్వేషన్ చేయిస్తాను.

దుర్గ పిన్ని మాటల్లో చెప్పింది, సిగ్నల్ దగ్గర నీ బ్రేకు పెడల్ మెల్లగా కిందకి దిగిపోయిందట, సర్వీస్ సెంటరువాళ్లు మామూలే అని పంపేశారట. నాకెందుకు చెప్పలేదని అడగను. ఫోన్ ఎత్తనిది ఇందుకేనా?

ఇంజన్ స్టార్ట్ చేయగానే పెడల్ కొంచెం దిగడం మామూలే. కాలు అలాగే నొక్కి ఉంచితే ఇంకా ఇంకా దిగుతోందంటే మామూలు కాదమ్మా. బ్రేక్ ఆయిల్ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు, తగ్గకపోతే పెడల్ నొక్కుడుని బ్రేకులకి పంపే మాస్టర్ సిలిండర్ సీళ్లు పోయి ఉండొచ్చు. మర్నాడు బాగానే ఉందన్నావట, నా భయమంతా ఆ మాటకే.

నువ్వు కడుపులో ఉన్నప్పుడు అరకు నుంచి జీపులో వస్తున్నాం. ముందు మీ తాతయ్య, వెనక మేమిద్దరం, సూరిబాబు, కాళ్ల కింద పసుపు బస్తా. అనంతగిరి ఘాట్ పొడుగునా డ్రైవరు బ్రేకు మీద కాలు తియ్యలేదు. ముందు కాలిన వాసన, తర్వాత ఒక మలుపులో పెడల్ నేలకి తగిలింది. అతను ఇంజన్ ఆపలేదు, సెకండ్‌కీ ఆ తర్వాత ఫస్ట్‌కీ దించాడు, హ్యాండ్‌బ్రేకు ఒక్కసారిగా గుంజకుండా కొద్దికొద్దిగా లాగుతూ కొండ వైపు గట్టుకి రాసి ఆపాడు. మీ తాతయ్య అప్పన్నా అప్పన్నా అంటూనే ఉన్నారు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, వేడెక్కితే ఆ నీరు ఆవిరై పెడల్ మెత్తబడుతుంది, చల్లారాక మళ్లీ గట్టిపడుతుంది. డ్రైవరు పదండి అన్నాడు. మీ తాతయ్య ససేమిరా ఎక్కనివ్వలేదు, వెనకొచ్చిన బస్సులో శృంగవరపుకోట చేరాం. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించమని నీ ప్రాణం తీస్తుంటాను.

నీది ఘాట్‌లోలా వేడెక్కకుండానే, చదును రోడ్డు మీదే దిగింది కాబట్టి ఇంకా ఆలోచించాలి. బండి నడిపి తీసుకెళ్లకు, టోయింగ్ వాళ్లని పిలు. సర్వీస్ సెంటరువాళ్లు రాసే జాబ్ కార్డులో 'జనరల్ చెకప్' అని రాయనివ్వకు, పెడల్ దిగిపోతోందని నీ మాటల్లోనే రాయించి కాపీ తీసుకో. ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి రీకాల్ ఉందేమో చూడు, ఉంటే డబ్బు తీసుకోకుండా బాగు చేయాలి. 2019లో మోటారు వాహనాల చట్టానికి 110ఏ సెక్షన్ చేర్చారు, లోపం ఉన్న బండ్లను వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఉంది. వాళ్లు వినకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు నమోదు చేయించు. గట్టిగా మాట్లాడు, మొహమాటపడకు.

మాడుగుల హల్వా తెప్పించింది మీ అమ్మ. రాత్రిళ్లు క్యాబ్‌లో వెళ్తే బండి నంబరు నాకు పంపు. వేళకి తిను. జాబ్ కార్డు ఫొటో ఈ రాత్రికే వాట్సాప్‌లో పెట్టు.

నాన్న