అవ్వ పేరిట మన ట్రస్టు: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులకు, ఇంటి ఆడబిడ్డలకు, అల్లుళ్లకు, మనుమలు మనుమరాళ్లకు నమస్కారం.

ట్రస్టు ఆఫీసు బల్ల మీద అవ్వ సోల ఉంది. ఇత్తడిది, అంచు ఒకపక్క సొట్ట. వాకిట్లోకి వచ్చినవాళ్లకు బియ్యం పోసేటప్పుడు అవ్వ ఏనాడూ సోల తలగొట్టి కొలవలేదు. పొర్లేదాకా పోసి, కింద రాలిన గింజలు కూడా వాళ్ల కొంగులోకే ఎత్తేది. ఎందుకని అడిగేది కాదు. ఈ ఏడాది పనులను ఆ సోల ముందు పెట్టి చూస్తే ఒకచోట మనం వెలితిగా కొలిచాం. అది కూడా రాస్తున్నాను.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర చలివేంద్రం 2024 ఏప్రిల్ 9న, ఉగాది నాడు తెరిచి మిరుగు (మృగశిర కార్తె) దాకా నడిపాం. మిర్చి సీజన్‌లో అక్కడ నిలబడ్డవాళ్లకు తెలుసు, బస్తాల ఘాటుకు కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. హమాలీలు దగ్గుకుంటూ వచ్చి ముందు ముఖం కడుక్కుని, తర్వాతే తాగుతారు. అందుకే తాగే రంజన్లకు దూరంగా ముఖం కడుక్కోను వేరే తొట్టి పెట్టించాం. తాటికమ్మల పందిరి, రంజన్ల కింద తడి ఇసుక, మధ్యాహ్నం మజ్జిగ. మరుసటి ఉగాది 2025 మార్చి 30నే వచ్చింది కాబట్టి ఒకే లెక్కల సంవత్సరంలో చలివేంద్రం రెండుసార్లు తెరిచాం. ఆ పద్దు పెరగడానికి కారణం అదే.

ఎంజీఎం ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు ఆదివారం భోజనం ఎప్పటిలాగే సాగింది. ఒక్క ఆదివారం గురించి చెప్పాలి. సెప్టెంబర్ 1న వానలకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. మానుకోట (మహబూబాబాద్) వైపు పోవాల్సినవాళ్లు ఇక్కడే ఆగిపోయారు. వండిన అన్నం చాలలేదు. మన ఆడబిడ్డలు ఎవరినీ అడగకుండా రెండో ఎసరు పెట్టారు. పప్పు అయిపోతే పచ్చిపులుసు చేశారు. వాళ్లకు ట్రస్టు చేతులెత్తి మొక్కుతోంది.

ఇక వెలితి. చదువు సాయానికి మనం అడిగిన కాగితాలు ఎక్కువయ్యాయి. కాలేజీ ఫీజు కోసం వచ్చిన ఒక అమ్మాయిని ఆదాయం సర్టిఫికెట్ తెమ్మని పంపాం. అది చేతికొచ్చేసరికి గడువు దాటింది, ఆ పిల్ల ఏడాది పోగొట్టుకుంది. తప్పు మనదే. వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాం, ఈ జూన్‌లో చేర్పించే బాధ్యత తీసుకున్నాం. ఇకనుంచి కాగితాల కోసం ఫీజు ఆపం. ఇద్దరు సభ్యులు ఇంటికి పోయి చూసి వస్తారు, ముందు ఫీజు కడతాం, కాగితాలు తర్వాత.

ఇంకో నిర్ణయం: తీసుకునేవాళ్ల ఫొటోలు తీయడం మానేశాం. వాట్సాప్ గ్రూపులో పెట్టడం లేదని కొందరు నొచ్చుకున్నారు. రంజన్లు, వంట గంజులు, పందిరి ఎన్నైనా తీయండి. చేయి చాచిన మనిషిని మాత్రం వద్దు. అవ్వ కొంగులో పోసేటప్పుడు ఎదుటివాళ్ల ముఖం కూడా చూసేది కాదు.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, పట్టిక విడిగా పంపుతున్నాం. వచ్చిన ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకే ఖర్చు పెట్టాలన్న నియమం మనకూ వర్తిస్తుంది. 2000 రూపాయలు మించిన విరాళం నగదుగా ఇస్తే ఆదాయపన్నులో 80జి మినహాయింపు రాదు. చెక్కు గానీ యూపీఐ గానీ వాడండి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఈ మినహాయింపే లేదు, అయినా ఇచ్చారు. వాళ్లకు మరీ మరీ కృతజ్ఞతలు.

సర్వసభ్య సమావేశంలో తేల్చాల్సినవి రెండు. ఆదివారం వంటకు ఇంకో పెద్ద గంజు కొనడం ఒకటి. ఇంటికి పోయి చూసే పనికి హన్మకొండ వైపు నుంచి ఒకరు, కాజీపేట వైపు నుంచి ఒకరు పేరు ఇవ్వడం రెండోది. రంజన్లు రెండు పగిలాయి, అవి ఎలాగూ తెస్తున్నాం.

– కార్యదర్శి