ముప్పై అయిదో కరెంటు అయిపోయాక

హాలియా దగ్గర మా ఊరి నుంచి,
ఎంగిలిపూల బతుకమ్మ ముందురోజు రాత్రి

దోస్తూ,

ఈ వారంలో నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు. మూడుసార్లూ "మళ్లీ చేస్తా రా" అని పెట్టేశాను. కోపం తెచ్చుకోకు. నాయిన మంచం పక్కనే ఇప్పుడు నా మంచం. ఆయనకు మాట రావడం లేదు గానీ చెవులు బాగానే ఉన్నాయి. ఆయన వింటుండగానే ఆయన బరువు ఎంత తగ్గింది, నొప్పి ఎట్లా ఉంది అని ఇంకొకరికి చెప్పాలంటే నాకు మనసొప్పదు. వాకిట్లోకి పోయి మాట్లాడితే ఏదో దాస్తున్నానని అనుకుంటాడు. అందుకే రాస్తున్నా. రాత్రి పది గంటల పాలు ముక్కు పైపులో పోసేశాను. ఇప్పుడు కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్రో కాదో తెలియదు.

కరెంటు పెట్టడం, అదే నాయిన గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్, అయిపోయి ఇవాళ్టికి 17 రోజులు. మొత్తం 35 సిట్టింగులు. ఆషాఢంలో రెడ్ హిల్స్ గల్లీల్లో బోనాల డప్పులు మోగుతుంటే మొదలుపెట్టాం, వినాయకుళ్లు నిమజ్జనానికి కదిలే రోజుల్లో ముగించాం. చివరి రోజు బస్సులో మాల్ దాటి మల్లేపల్లి వస్తుంటే గండం గట్టెక్కినట్టే అనిపించింది. చెల్లెకు మిర్యాలగూడకు ఫోన్ చేసి "అయిపోయిందమ్మా" అన్నాను. అది ఫోన్‌లోనే ఏడ్చింది. ఊళ్లో దిగగానే అందరిదీ ఒకటే మాట, "అయిపోయిందంట గదా, ఇంకేం భయం లేదు."

అయిపోలేదు రా. ఆ మాట నీకొక్కడికైనా అర్థమయ్యేలా చెప్పాలని ఉంది. డాక్టరమ్మ ముందే చెప్పింది: "మిషన్ ఆగినా దాని పని ఆగదు. చివరి సిట్టింగ్ తర్వాత రెండు వారాలు ఇప్పటికంటే ఎక్కువ బాధ ఉంటుంది, దానికి సిద్ధపడండి" అని. నేను తల ఊపానే గానీ మనసుకు ఎక్కించుకోలేదు. ఇంటికొచ్చిన నాలుగో రోజు మెడ మీది తోలు కాలిన గాయంలా ఊడిపోతుంటే, జొల్లు జిగురులా తీగలు సాగి ఊపిరాడక నాయిన రాత్రి రెండింటికి లేచి కూర్చుంటే, అప్పుడు గుర్తొచ్చింది ఆమె మాట. ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ చూసేవాళ్లు ఉండేవాళ్లు. అసలు కష్టం ముదిరిన రోజుల్లో మేం ఇంట్లో ఒక్కళ్లమే అయ్యాం.

మొదటి నుంచి నీకు అన్నీ తెలియవు కాబట్టి కొంచెం చెప్తా. పోయిన చలికాలం నుంచే నాయినకు మింగితే నొప్పి, ఆ నొప్పి చెవిలోకి లాగేది. దగ్గర్లో చూపిస్తే గొంతు పుండు అని మూడు నెలలు మందులే మార్చి మార్చి ఇచ్చారు. మెడలో గడ్డ కనిపించాక గానీ ముక్క పరీక్షకు పంపలేదు. ఆ మూడు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది, కానీ ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తా. నాలుక మొదట్లో, గొంతు లోపల క్యాన్సర్ అని తేలింది. ముప్పై ఏళ్ల బీడీ. ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకుపోయాం. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద 1955 నుంచి నడుస్తున్న సర్కారు ఆసుపత్రి అది. ఆపరేషన్ వద్దు, కరెంటు, దాంతోపాటు వారానికో కీమో అన్నారు.

కరెంటు కంటే ముందు పళ్ల డాక్టర్ దగ్గరికి పంపారు. పళ్లతో ఏం పని అనుకున్నా. దవడకు కరెంటు తగిలాక పన్ను పీకితే ఎముక మానదట, అందుకే పాడైనవన్నీ ముందే తీసేయాలట. మన జిల్లా నీళ్ల సంగతి నీకు తెలియనిదా. చిన్నప్పటి నుంచి ఆ ఫ్లోరైడు నీళ్లు తాగి నాయిన పళ్లు ఎప్పుడో గారపట్టాయి. నాలుగు పీకారు. ఆ తర్వాత మాస్కు. జల్లెడ లాంటి ప్లాస్టిక్ షీటును వేడి నీళ్లలో మెత్తబెట్టి ముఖం మీద, మెడ మీద పరిచి అదిమితే అది ఆయన ముఖం ఆకారానికే గట్టిపడింది. రోజూ దాన్ని పెట్టి బల్లకు బిగిస్తారు, తల వెంట్రుక వాసి కూడా కదలకూడదు. పది పదిహేను నిమిషాలు గదిలో ఒక్కడే. మొదటి రోజు బయటికొచ్చి "పాడె మీద కట్టినట్టు కట్టిండ్రు బిడ్డా" అన్నాడు. ఆయన నోటి నుంచి నేను విన్న ఆఖరి మాటల్లో అదొకటి. మూడో వారానికి గొంతు పోయింది.

సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ. లక్డీకాపూల్ వైపు ఒక గది తీసుకున్నాం. వంట గ్యాసు, అమ్మ మోకాళ్ల నొప్పులు, అన్నీ అక్కడికే మోసుకుపోయాం. వారానికోసారి రక్త పరీక్ష, అది బాగుంటే మర్నాడు కీమో. కీమోకు ముందూ వెనకా సెలైన్ సీసాలు, మూత్రం ఎంత వచ్చిందో కొలిచి రాయాలి, ఎందుకంటే ఆ మందు కిడ్నీల మీద పడుతుంది. ఆరు ఇద్దామనుకున్నారు. ఒక వారం రిపోర్టులో కిడ్నీ లెక్క పెరిగిందని అయిదింటితోనే ఆపారు.

ఒక సంగతి నీకు చెప్పకుండా ఉండలేను. మన బత్తాయి తోట నువ్వు చూశావు కదా, డిగ్రీ సెలవుల్లో చెట్ల కింద పడుకుని కాయలు ఒలుచుకుని తిన్నాం. సీజన్ కాయ కోతకొచ్చేది సరిగ్గా ఈ నెలల్లోనే. తోట కోయించడానికి నేను ఒక ఆదివారం వచ్చి, మంచి కాయలు ఏరి ఒక సంచి హైదరాబాద్‌కు తీసుకుపోయాను. అమ్మ రసం తీసి గ్లాసులో పోసి ఇచ్చింది. నాయిన ఒక్క గుక్క నోట్లో పోసుకున్నాడు. అంతే, నిప్పు మింగినట్టు ముఖం ముడుచుకుపోయింది, గ్లాసు చేతిలోంచి జారింది. నోరంతా పచ్చి పుండు రా, పులుపు ఎట్లా ఆగుతుంది? నాకు ఆ తెలివి లేకపోయింది. తన చేత్తో అంట్లు కట్టి, బోరు ఎండిన ఏడాది ట్యాంకర్లతో నీళ్లు పోసి బతికించిన చెట్ల కాయ. కారుతున్న కళ్లతోనే వంగి సంచి దగ్గరికి జరుపుకుని ఒక కాయ తీసి వాసన చూశాడు. వాసన కూడా సరిగా తెలియడం లేదని చెయ్యి అడ్డంగా ఊపాడు.

28వ సిట్టింగ్ అయిన మర్నాడు, శనివారం నాడు, మా పాప పలక ఒకటి ఆయన దగ్గర ఉండేది, దాని మీద "ఇంక చాలు. ఇంటికి పోదాం" అని రాసి నా ముందు పెట్టాడు. ఏడే మిగిలాయి. నాకు పిచ్చి కోపం వచ్చింది. "ఇన్ని రోజులు అమ్మను, నన్ను ఈ గదిలో పెట్టి ఇప్పుడు ఇట్లా అంటవా, ధైర్యం ఉండాలె గదా" అని అరిచాను. కన్న తండ్రి మీద అరిచాను రా. ఆయన పలక తుడిచి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి నేను బయట మెట్ల మీదే కూర్చున్నా.

సోమవారం డాక్టరమ్మతో మొత్తం చెప్పాను. ఆమె ఆయన్ని తిట్టలేదు, బతిమాలలేదు. "ఎన్ని రోజులైంది కడుపు నిండా తాగి?" అని అడిగింది. నాలుగు రోజులు. "రాత్రి నొప్పికి నిద్ర పడుతుందా?" లేదు. బరువు చూస్తే 64 నుంచి 54కు వచ్చాడు. "ఆయనకు తక్కువైంది ధైర్యం కాదయ్యా, తిండి, నిద్ర" అన్నది. ఆ రోజే ముక్కులోంచి కడుపులోకి పైపు వేశారు. నొప్పికి నాలుగు గంటలకోసారి మార్ఫిన్ మాత్ర, పొడి చేసి నీళ్లలో కలిపి పైపులోనే. మార్ఫిన్ అనగానే నేను భయపడ్డా, మత్తుకు అలవాటు పడతాడేమోనని. నొప్పి ఉన్నవాళ్లకు లెక్క ప్రకారం ఇస్తే అట్లా కాదు, తగ్గాక మెల్లగా తగ్గించి మానేస్తాం అని చెప్పింది. మలబద్ధకం మాత్రం తప్పకుండా వస్తుంది, దానికీ వెంటనే మందు రాసింది. మధ్యలో ఆపితే ఏమవుతుందో కూడా ఆయనకే ఎదురుగా చెప్పింది: రోజులు పోయిన కొద్దీ మిగిలిన గడ్డ కణాలు మళ్లీ పుంజుకుంటాయి, ఇప్పటిదాకా పడ్డ బాధ వృథా అయిపోతుంది అని. నాయిన విన్నాడు. రెండు రాత్రులు నిద్ర పట్టాక తనంతట తనే లేచి చెప్పులు వేసుకుని ఆసుపత్రికి బయలుదేరాడు.

ఆ మనిషికి నేను, చుట్టాలు, ఫోన్లు చేసినవాళ్లు అందరం వారాల తరబడి ధైర్యమే చెప్పాం. ఆయన ఆకలితో, నొప్పితో అల్లాడుతుంటే మేం ధైర్యం పోశాం. ఇది నన్ను వదలడం లేదు. నీకు తెలిసినవాళ్లలో ఎవరికైనా ఇట్లాంటి రోజులు వస్తే ముందు అడగమని చెప్పు, ఏం తిన్నావు, నిద్ర పట్టిందా, నొప్పి ఎంత అని.

ఇప్పుడు మా రోజంతా ఆ పైపు చుట్టే తిరుగుతుంది. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా రెండు గంటలకోసారి, ఒక్కోసారి పావు లీటరు దాకా. రాగి జావ, పాలు, పెసరపప్పు మెత్తగా ఉడికించి పలుచని గుడ్డలో వడగట్టిన నీళ్లు, అందులో వాళ్లిచ్చిన ప్రొటీన్ పొడి. కూర్చోబెట్టే పోయాలి, పోశాక అరగంట పడుకోనివ్వకూడదు. సిరంజితో నెట్టకూడదు, ఎత్తి పట్టుకుంటే దానంతటదే దిగాలి. చివర్లో మంచినీళ్లు పోయకపోతే పైపు పూడుకుపోతుంది. ఒకసారి అమ్మ జావ సరిగా వడగట్టక పూడింది, మళ్లీ నల్లగొండకు పోయి మార్పించుకొచ్చాం. అప్పటి నుంచి అమ్మ రెండుసార్లు వడగడుతుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా వేసి రోజుకు పదిసార్లయినా పుక్కిలించాలి. అది ఒక్కటి తప్పితే ఆ రాత్రి జొల్లుతో నరకమే.

వచ్చిపోయేవాళ్లతోనే నాకు టెన్షన్. ప్రేమతోనే వస్తారు, కాదనను. ఒకాయన మెడ మీద రాయమని పసరు తెచ్చాడు. దండం పెట్టి పక్కన పెట్టాను. దూరపు బంధువు ఒకామె "పసిపిల్లను ఆయన దగ్గరికి పోనియ్యకు, ఒంట్లో కరెంటు ఉంటది" అని మా ఇంటామెను భయపెట్టింది. నేను ఆసుపత్రికి ఫోన్ చేసి మరీ అడిగాను. బయటి నుంచి మిషన్‌తో పెట్టింది ఒంట్లో మిగలదు, జబ్బు అంటుకోదు, పిల్ల తాత ఒళ్లో కూర్చోవచ్చు అన్నారు. ఇప్పుడు పాపే ఆయనకు పెద్ద తోడు. పలక మీద తాత రాస్తే అది కూడబలుక్కుని చదువుతుంది. "మో-టా-రు వే-శా-వా" అని. ఆ మాట ఆయన నన్ను రోజూ అడుగుతాడు. తన సంగతి ఒక్కటీ రాయడు.

ఆ మాస్కు కూడా ఇంటికి తెచ్చుకున్నాడు. అమ్మకు అది ఇంట్లో ఉండటం ఇష్టం లేదు. మొన్న పలక మీద "తోటలో దిష్టికి కట్టు" అని రాశాడు. తోట మొదట్లో కొయ్య పాతి కట్టాను. పొద్దున ఎండ పడ్డప్పుడు దూరం నుంచి చూస్తే నాయినే నిలబడి ఉన్నట్టు ఉంటుంది, అటు చూడాలంటే నాకు గుండె ఝల్లుమంటుంది. ఆయన మాత్రం చూసి తల ఊపాడు.

డబ్బుల సంగతి అడిగావు. వైద్యం మొత్తం ఆరోగ్యశ్రీలో అయింది. గది కిరాయి, బస్సులు, ఆటోలు, పాల పొడి, ఇవి మనవే. ఎరువుల దుకాణంలో రెండు నెలలు జీతం లేకుండా సెలవు ఇచ్చారు, పని మాత్రం ఉంచారు. నువ్వు పంపిన 20 వేలు సరిగ్గా గది కట్టాల్సిన రోజు అందాయి. ఎప్పుడిస్తానో ఇప్పుడు రాయలేను, ఇస్తాను.

ఇక ముందు సంగతి. డిసెంబరులో, కరెంటు అయిపోయి మూడు నెలలు నిండాక, పెట్ స్కాన్ తీస్తారు. అంతకుముందు తీస్తే పుండు వాపు కూడా జబ్బులా కనిపిస్తుందట. అప్పటిదాకా పోయిందో లేదో ఎవరూ చెప్పరు. నాకు భయంగా ఉంది రా. పగలు పనిలో తెలియదు గానీ, ఈ వేళకు వస్తుంది. నాయినకు కూడా ఉంటుంది. మేమిద్దరం ఒకరికొకరం చెప్పుకోం.

ఇవాళ సాయంత్రం ఒకటి జరిగింది. పాప, మా ఇంటామె తంగేడు పూలు తెచ్చి రేపటి బతుకమ్మకు వాకిట్లో ఏరుతుంటే, నాయిన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నీళ్ల చెంబు వైపు చూపించాడు. అమ్మ చెంచాతో ఇచ్చింది. గడ్డం కిందికి దించి, ఆసుపత్రిలో నేర్పినట్టు నెమ్మదిగా మింగాడు. దగ్గు రాలేదు. ఇంకో చెంచా అడిగాడు. మూడు చెంచాలు, నోటితో, 19 రోజుల తర్వాత. అమ్మ ఏడుస్తుందేమో అని చూశాను. ఆమె చెంబు మీద మూత పెట్టి "రేపు ఇంకో రెండు ఎక్కువ" అన్నది.

దసరాకు పాలమూరు నుంచి వస్తానన్నావు కదా, రా. నువ్వు కాకా అని పిలిస్తే ఆయనకు సంతోషం. ఎట్లున్నవని అడగకు, తోట గురించి అడుగు, రాసి చెప్తాడు. పండ్లు తేవద్దు. బలపాలు ఒక డబ్బా పట్టుకురా, ఇక్కడ దొరికేవి ఊరికే విరిగిపోతున్నాయి.

నీ దోస్తు