నిలబడి పాడితే తక్కువా?

సంపాదకులకు,

విదేశీ సంగీత కచేరీల గురించి ఈమధ్య మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. గాయకుడు స్టేజీ మీద ఎంత ఎగిరితే, ఎన్ని లైట్లు తిరిగితే అంత గొప్ప ప్రదర్శన అన్నట్టుంది ఆ రాత. కానీ ఉన్నచోటు నుంచి కదలని మనిషి కోసం లక్ష మందికి పైగా టికెట్ కొనుక్కుని వచ్చారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఈ ఉత్తరం.

ఆయన పేరు జార్జ్ స్ట్రెయిట్, అమెరికా పల్లెపట్టు బాణీ అయిన ‘కంట్రీ’ పాటల గాయకుడు. 2024 జూన్ 15న టెక్సాస్ కాలేజ్ స్టేషన్‌లోని కైల్ ఫీల్డ్ మైదానంలో పాడాడు. వచ్చింది 1,10,905 మంది. అమెరికాలో టికెట్ పెట్టిన కచేరీకి 1977 నుంచీ గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం పేరున ఉన్న 1,07,019 రికార్డు ఆ రాత్రితో చెరిగిపోయింది. (2025లో మిషిగన్‌లో జాక్ బ్రయన్ దీన్నీ దాటేశాడు, 1,12,408. అతనూ కంట్రీ పాటగాడే.)

మా అమ్మాయి కాపురం హ్యూస్టన్‌లో. అల్లుడు పట్టుబట్టి తీసుకెళ్లాడు. నాకు ఇంగ్లిషు పాట సగమే అర్థమవుతుంది గానీ, ముప్పై ఏళ్లు తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకు హార్మోనియం వాయించాను. శ్రుతిలో ఉన్నాడో లేడో చెప్పడానికి భాషతో పనిలేదు.

మా ముందు వరసలో టోపీలు పెట్టుకున్న ఇద్దరు పెద్దవాళ్లు, స్నేహితులే, పాట మొదలయ్యేదాకా వాదించుకుంటూనే ఉన్నారు. అల్లుడు నా చెవిలో చెబుతూ వచ్చాడు. ఒకాయన గార్త్ బ్రూక్స్ అనే ఇంకో కంట్రీ గాయకుడి అభిమాని. 1993లో డాలస్ దగ్గర టెక్సాస్ స్టేడియంలో గార్త్ తీగలకు వేలాడుతూ జనం మీదుగా ఎగిరాడట. ‘అదీ షో అంటే. ఈయన వస్తాడు, పాడతాడు, పోతాడు. ఇంట్లో రికార్డు పెట్టుకుంటే చాలదా?’ అంటాడు. రెండో ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘1989, 1990 సరే, అరవై దాటాక 2013లో కూడా ఈ జార్జ్‌కి ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్ అవార్డు ఎందుకిచ్చారంటావ్, ఎగిరినందుకా?’ అన్నాడు.

స్టేజీ మైదానం నడిమధ్యన. నాలుగు మూలలా నాలుగు మైకులు. ఒక మైకు దగ్గర రెండు పాటలు పాడి, గిటారుతో నింపాదిగా నడిచి పక్క మైకు దగ్గరికి పోతాడు. కదలిక అంతే. మేము పైన ఎక్కడో, ఆయన శనగగింజంత. ఆయన మా వైపు మూలకు వచ్చినప్పుడు మాత్రం మా వాళ్లంతా లేచి నిలబడేవారు. మిగతా సేపు వీపే. ఇది న్యాయమైన ఫిర్యాదే, నేనూ చేస్తాను. స్టేజీ మధ్యలో పెడితే నాలుగు వైపులా సీట్లు అమ్ముకోవచ్చు. రికార్డు వచ్చిందంటే అందులో ఆ కిటుకూ ఉంది.

పాట సంగతికొస్తే, వెనక ఫిడేలు, స్టీల్ గిటారు ఎంత సాగినా, మాట ఒక్కటి మింగలేదు. డెబ్బై రెండేళ్ల గొంతు. పై స్థాయికి పోయి ఒగర్చలేదు, తన అందుబాటులోనే నిలబడ్డాడు. మా నాటకాల్లోనూ పద్యం ఉన్నవాడు మధ్య మైకు దగ్గరికొచ్చి కాళ్లు కుదురుగా పెట్టుకునేవాడు. చేతులు మరీ ఊపేవాడికి వన్స్‌మోర్‌లు పడ్డం నేను చూడలేదు.

పాటల మధ్య కబుర్లు చెప్పడని కూడా ఆ గార్త్ అభిమాని దెప్పాడు. 1986లో పదమూడేళ్ల కూతురు కారు ప్రమాదంలో పోయాక ఆయన ఇంటర్వ్యూలు దాదాపు మానేశాడని అల్లుడు చెప్పాడు. ఆ తర్వాత ఆ విమర్శ నా చెవికి ఎక్కలేదు.

ఒక్క మాటలో మాత్రం నేను ఆ విమర్శకుడి పక్షమే. 2014 జూన్‌లో ఆర్లింగ్‌టన్‌లో వీడ్కోలు టూర్ ఆఖరి కచేరీ అంటే 1,04,793 మంది వెళ్లారు. ఆ గార్త్ అభిమానీ వెళ్లాడట, కన్నీళ్లు పెట్టుకున్నాడట. రెండేళ్లు తిరక్కుండానే లాస్ వెగాస్‌లో జార్జ్ కచేరీలు మొదలయ్యాయి. ఊరూరా తిరగడం మానేస్తానన్నాడే గానీ పాడటం మానేస్తానన్లేదు కదా అని స్నేహితుడి సమర్థన. కావచ్చు. కానీ పోస్టరు మీద వీడ్కోలు అని చూసి డబ్బు పెట్టినవాడు అంత సూక్ష్మం చూడడు. ‘చివరి ప్రదర్శన’ అని మైకులో అరిపించి, వారం తిరక్కుండా పక్క ఊళ్లో అదే నాటకం వేసిన సమాజాల్లో నేనూ వాయించాను. అప్పుడు జనం మమ్మల్నేమన్నారో నాకు తెలుసు.

ఆఖరి పాట వచ్చేసరికి ఆ గార్త్ అభిమాని టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఏ పదమూ తప్పడంలేదని అల్లుడన్నాడు. అప్పుడు జార్జ్ గారు మాకు ఎదురు మూలన ఉన్నాడు. మా మైకు దగ్గరికి ఇంకొక్కసారి వచ్చుంటే బాగుండేది.

— విశ్రాంత హార్మోనిస్టు, తెనాలి