పాత కారంటే తుక్కేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో స్పోర్ట్స్ కార్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. మూడు సెకన్లలో వంద స్పీడు అందుకునే ఎలక్ట్రిక్ కార్ల గురించి బాగానే రాశారు గానీ, మధ్యలో పాత పెట్రోలు కార్లన్నిటినీ తుక్కు కింద జమకట్టేశారు చూడండి, అక్కడ కాలింది నాకు.

నా దగ్గరున్నది 2002 నాటి ఫియట్ పాలియో, 1.6 లీటర్ల ఇంజన్‌ది, ఎర్రది. దీన్ని స్పోర్ట్స్ కారంటే నవ్వేవాళ్లున్నారని తెలుసు, ఇంట్లో మా అల్లుడే నవ్వుతాడు. కానీ అంత చిన్న బండిలో నూరు గుర్రాల ఇంజన్ పెట్టి అమ్మితే ఆ రోజుల్లో నెల్లూరు, ఒంగోలులో మాబోటి వాళ్లకి అందిన స్పోర్ట్స్ కారు అదే. పోర్షేలంటారా, పత్రికల్లో బొమ్మలు చూసుకోవడమే.

ఈ పిచ్చి ఎక్కించింది మా మేనమామ. నెల్లూరు నుంచి మద్రాసు పోయే దారిలో రెడ్‌హిల్స్‌కి ముందు షోలవరం అని వస్తుంది, అక్కడ పాత మిలిటరీ విమానాల రన్‌వే మీద 1980ల్లో కూడా కార్ల రేసులు జరిగేవి. మామ లారీ మెకానిక్. నన్ను లారీ క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. ఎవరు గెలిచారో గుర్తులేదు గానీ, మన వీధుల్లో తిరిగే ఫియట్ లాంటిదే వెనక సీటు పీకేసి, సైలెన్సర్ మార్చి, గడ్డివాముల మలుపు దగ్గర పక్కకి జారుతూ పోవడం మాత్రం ఇప్పటికీ కళ్లముందుంది. ఆ దుమ్ము కూడా.

ఇంతకీ నేను చెప్పేదేమంటే, కారు తోలడంలో సరదా స్పీడులో లేదు, కాళ్లకీ చేతులకీ ఉన్న పనిలో ఉంది. కార్తీకం రద్దీ తగ్గాక మేం దోర్నాల మీదుగా శ్రీశైలం పోతాం. అది పులుల అడవి, అక్కడ స్పీడుగా పోకూడదు, పోనివ్వరు కూడా. ఆ నలభై స్పీడులోనే చూడండి: ఎదురుగా మలుపు, మూడో గేరు నుంచి రెండుకి రావాలి, ఎడమ కాలు క్లచ్ మీద, కుడి పాదం వేళ్లు బ్రేకు మీద, అదే పాదం మడమతో యాక్సిలరేటర్‌ని కాస్త తట్టి ఇంజన్‌ని లేపితే గేరు వెన్నలో కత్తి దిగినట్టు పడుతుంది, వెనక సీట్లో నిద్రపోతున్న మా ఆవిడకి మెలకువ కూడా రాదు. పది మలుపుల్లో ఆరింటికే కుదురుతుంది నాకు. తక్కిన నాలుగింటికీ ఆవిడ లేచి తిడుతుంది, అది వేరే సంగతి.

అదే దారిలో మా అల్లుడి కొత్త కారు కూడా తోలాను. నా దాని కంటే రెట్టింపు జోరున్న కారు, కాదనను. కానీ నూట పదిలో పోతున్నా అరవైలో పోతున్నట్టే ఉంటుంది. నా కారులో ముందు టైరు కంకర ఎక్కితే ఆ సంగతి అరచేతికి తెలుస్తుంది, ఇందులో స్టీరింగ్‌కి కరెంటు మోటారు కదా, కంకరైనా తారైనా ఒకటే మెత్తన. దోర్నాల ఇంకా రాకముందే మేకల మంద అడ్డమొస్తే చిల్లకంప వైపు జరిగాను, రోడ్డు మీది గీత దాటనివ్వని ఏర్పాటు ఉందిలెండి అందులో, వెంటనే కీచుమని అరుపు, స్టీరింగ్ దానంతటదే వెనక్కి లాగడం. మేకల్ని గుద్దమంటావా ఏందబ్బా అని కారుతో పోట్లాట పెట్టుకున్నది జీవితంలో అదే మొదటిసారి.

విచిత్రం ఏమంటే కొత్త కార్లు చేసే కంపెనీల వాళ్లకీ ఈ సరదా సంగతి తెలుసు. హ్యుందాయ్ 2023లో తెచ్చిన ఐయానిక్ 5 ఎన్ అనే ఎలక్ట్రిక్ కారునే తీసుకోండి. రెండు టన్నుల పైచిలుకు బరువు, ఆరొందల పైన గుర్రాలు. గేర్లు మార్చే పనే లేని ఆ కారులో గేరు మారినట్టు కావాలని ఒక కుదుపు పెట్టారు, స్పీకర్లలో లేని ఇంజన్ మోత వినిపించారు. ఇంట్లో గేదెని అమ్మేసి పాలపొడి డబ్బా తెచ్చుకున్నట్టు లేదూ? అటు 1989లో వచ్చిన మజ్దా మియాటా అనే చిన్న పెట్రోలు స్పోర్ట్స్ కారు టన్ను బరువు కూడా లేదు, 1.6 లీటర్ల ఇంజనే, అయినా ప్రపంచమంతా ఈరోజుకీ దాన్ని వెతుక్కుని మరీ కొంటోంది.

వాన రాత్రి హైవే మీద మా అమ్మాయి ఒక్కతే వెళ్లాలంటే అల్లుడి కొత్త కారు తాళాలే ఇస్తాను. ఎయిర్‌బ్యాగుల దగ్గర వాదన లేదు.

ఇక అసలు బాధ. రెండేళ్ల కిందట పార్క్ చేసిన కారు చుట్టూ పెట్రోలు వాసన. మెకానిక్ ఇంజన్ దగ్గరి రబ్బరు పైపు ఊడదీసి వంచి చూపించాడు, అప్పడంలా విరిగింది. అది వయసు వల్లో, పెట్రోల్లో కలిపే ఇథనాల్ వల్లో నేను తేల్చలేను గానీ, ఇప్పుడు దాదాపు ఏ బంకుకి పోయినా ఇరవై శాతం కలిపిందే పోస్తున్నారు. 2002 నాటి రబ్బరుని దానికోసం చేయలేదు కదా. బ్రిటన్‌లో 2021లో మామూలు పెట్రోల్లో పది శాతం కలిపినప్పుడు, పాత బండ్ల కోసం ఐదు శాతానిది వేరే పంపులో ఉంచారు. మనకి ఆ వీలు ఎందుకుండదు? పైగా 20 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి 2025 ఆగస్టు నుంచి పదివేలు చేశారు. సరే, కడతాం. కట్టించుకున్నవాళ్లు దానికి సరిపోయే పెట్రోలు కూడా దొరికేట్టు చూడాలి. మీ పేపరు ఈ ముక్క రాస్తే నాలాంటి వాళ్లు జిల్లాలో చాలామందే బయటికొస్తారు.

ఈ ఆదివారం మళ్లీ దోర్నాల వైపు బయల్దేరుతున్నాం. ఘాట్‌లో మీ ముందు ఎర్ర పాలియో నిదానంగా పోతుంటే హారన్ మాత్రం కొట్టకండి, మా ఆవిడ లేస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఒంగోలు