నవతరంగమనే మాట గురించి

తిరుపతి

ప్రియమైన మిత్రమా,

కలంకారీ బొమ్మలను చేతిసంచుల మీద కూడా వేస్తున్న శ్రీకాళహస్తి పిల్లలను నవతరంగం అనవచ్చునా అని అడిగావు కదా! ఆదివారం అక్కడికే వెళ్లి, ఒక ఇంటి వసారాలో గంటసేపు కూర్చున్నాను. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద ఒక అమ్మాయి వెదురు కలంతో గీత గీస్తోంది. బెల్లం నీళ్లలో ఇనుము ఊరవేసిన ఆ ద్రవం కలం చుట్టూ ఉన్న ఉన్నిలోంచి దిగి, గుడ్డను తాకగానే నల్లబడుతోంది. గీస్తున్నది చేతిసంచి కోసమే అయినా, గీత వాళ్ల తాత నేర్పినదే. అందువల్ల అది కొత్త సరుకే తప్ప తరంగం కాదని నాకు తోచింది.

ఆ మాట మొదట కళ గురించి పుట్టలేదు. 1957లో ఫ్రాన్స్‌వాజ్ జిరూ 'లెక్స్‌ప్రెస్' వారపత్రికలో అక్కడి యువతరాన్ని 'నూవెల్ వాగ్', అంటే కొత్త అల, అన్నారు. 1959లో కాన్ సినిమా ఉత్సవంలో త్రూఫోకు ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చే నాటికి ఆ పేరు సినిమాకు అంటుకుంది. త్రూఫో, గొదార్, షాబ్రోల్, రోమర్, రివెత్‌లు కెమెరా పట్టకముందే 'కాయే ద్యు సినెమా' పత్రికలో, పేరున్న పెద్దల సినిమాలను కాదంటూ వాదించినవాళ్లు. ఆ తగవే నాకు ముఖ్యం. నలుగురు కలిసి పాతదాన్ని ఎందుకు కాదంటున్నారో చెప్పి, చేసి చూపినప్పుడే ఆ మాట పొసగుతుంది. మన దేశంలో మృణాల్ సేన్ తీసిన 1969 నాటి 'భువన్ షోమ్' తర్వాత వచ్చిన సినిమాలనూ అలాగే పిలిచారు. ఆ మృణాల్ సేనే 1977లో తెలుగులో 'ఒక ఊరి కథ' తీశారు.

ఇంకొక సంగతి. నవతరంగం ఒడ్డున నిలబడి చూసేవాళ్లు పెట్టే పేరు. 1965లో వచ్చిన మన దిగంబర కవులు తమ పేరు తామే పెట్టుకున్నారు. సైన్యంలో ముందు నడిచే దళం పేరుతో వచ్చిన 'అవాంగార్డ్' వేరు, అందులో దారి తీస్తున్నామన్న ధీమా ఉంటుంది. ఈ మూడింటినీ కలిపేయడం నాకు కష్టంగా ఉంటుంది.

అయితే బయలుదేరే ముందు ఆ అమ్మాయి లోపలినుంచి మరో గుడ్డ తెచ్చింది. ఆమె, ఇద్దరు స్నేహితులు కలిసి పురాణకథ విడిచి, ఎండిన స్వర్ణముఖి ఇసుకను మాత్రమే గీశారు. చుట్టూ అంచు కూడా వేయలేదు. అంచు లేనిది కలంకారీయే కాదని తాత రెండు నెలలుగా మాట్లాడడం లేదట. దాని దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. వచ్చే ఆదివారం నువ్వు బయలుదేరి రా, ఇద్దరం కలిసి మళ్లీ చూద్దాం.

నీ
మిత్రుడు